కొండవాలు నేల బంజరు కాదు, లెక్కే తప్పు

పెందుర్తిలో నిలబడి చూస్తే చుట్టూ కొండలే. ఒక పక్క సింహాచలం కొండల వరుస, ఇంకో పక్క నరవ వైపు గుట్టలు. మధ్యన రైలు కట్ట, వెడల్పు రోడ్లు, లేఔట్ల హద్దురాళ్ళు. ఈ కొండవాలులో ఉన్న ఎర్రటి గులక బంకనేలను రెవెన్యూ కాగితం బంజరు అంటుంది. కాంట్రాక్టరు గ్రావెల్ అంటాడు. స్థలాల వ్యాపారి ప్లాటు అంటాడు. దాన్ని పొలం అని పిలిచేవాడు రైతు ఒక్కడే. ఆ రైతు మాటే నిజమని మేము భావిస్తున్నాం. ఎందుకో వివరంగా చెప్పుకోవాలి.

తూర్పు కనుమల్లో ఈ ప్రాంతపు కొండలు ఎక్కువ భాగం ఖోండలైట్ రాయి. కనుమల్లో నివసించే కోందు గిరిజనుల పేరే ఆ రాయికి పెట్టారు. వేలు, లక్షల ఏళ్ళుగా ఎండకీ వానకీ ఈ రాయి కుళ్ళి బంకమన్ను అవుతుంది. అందులో ఉన్న పలుగురాయి మాత్రం కుళ్ళదు. విరిగి గులకగా మిగిలిపోతుంది. ఎరుపు రంగు ఇనుము తుప్పుది. అందుకే చేతిలోకి తీసుకుంటే ఈ మన్ను జిగటగానూ ఉంటుంది, రాళ్ళుగానూ గుచ్చుకుంటుంది. నల్లరేగడిలా ఇది ఉబ్బదు, నెర్రెలు విచ్చదు. తడిస్తే అంటుకుంటుంది, ఎండితే ఇటుక. పదును ఉండేది రెండు మూడు రోజులే. ఆ రెండు రోజుల్లో అరక దొరికినవాడు దున్నుకుంటాడు. అద్దెకు తెచ్చుకోవాల్సినవాడు ఆకాశం కేసి చూస్తాడు. నేల గుణం కూడా పేదకీ ధనికుడికీ ఒకే విధంగా పనిచేయదన్నమాట.

ఒకే కొండవాలులో నేల ఒకటి కాదు. పైన జానెడు మన్ను, దాని కింద రాయి. నడుమ గులక కలిసిన బంక. దిగువన, పై నుంచి కొట్టుకొచ్చిన మెత్తటి మన్ను మేటవేసి లోతుగా ఉంటుంది. ఎవరికి ఏది దక్కిందో వేరే చెప్పాలా? పల్లం, గెడ్డ వార భూములు మొదటి నుంచీ ఉన్నవాళ్ళవి. 1948 చట్టంతో జమీందారీలు రద్దయినా ఈ అమరిక పెద్దగా కదల్లేదు. తరవాత భూమిలేని పేదలకు డి-పట్టాలిచ్చినప్పుడు చాలాచోట్ల చూపించింది గుట్టవాలునే.

ఇక నీటి సంగతి. ఈ ప్రాంతంలో ఏటా వాన సుమారు 1000 మిల్లీమీటర్లు. అనంతపురంతో పోలిస్తే రెట్టింపు కదా, కరువేమిటని అధికారులు అడగవచ్చు. కానీ ఆ వానలో పెద్ద భాగం కొద్ది రోజుల్లో, అల్పపీడనాలు, తుఫానుల వెంట కుండపోతగా పడుతుంది. డిసెంబరు నుంచి మే దాకా దాదాపు ఎండే. ఒక్కరోజు 100 మిల్లీమీటర్లు పడితే ఎకరం మీద పడేది 4 లక్షల లీటర్ల నీరు. వాలు నేలలో బంక పైపొర చినుకు దెబ్బకు మూసుకుపోతుంది. నీరు లోపలికి ఇంకకుండా కిందకు పరిగెడుతుంది. ఆ పరుగు రెట్టింపయితే కోతశక్తి నాలుగింతలవుతుంది. ఎకరంలో ఒక్క మిల్లీమీటరు మందాన మన్ను పోయిందంటే 5 టన్నులకు పైగా పోయినట్టు. పోయేది గులక కాదు, మెత్తటి సారవంతమైన మన్ను. గులక పొలంలోనే ఉండి ఏటేటా పేరుకుంటుంది. అది గెడ్డల్లో పడి జలాశయాలకు చేరుతుంది. మేఘాద్రి గెడ్డ నీళ్ళు తాగే విశాఖ నగరానికి కూడా ఈ వాలు చేలతో సంబంధం ఉంది. రైతుకు పోయిన మన్నే ఊరికి పూడిక.

అయితే గులకను పూర్తిగా శత్రువు అనుకోకూడదు. పైన పరుచుకున్న రాయి చినుకు దెబ్బను కాస్తుంది, ఆవిరిని తగ్గిస్తుంది. చేను శుభ్రం చేయాలని చిన్న రాళ్ళన్నీ ఏరి అవతల పారేస్తే నేల నగ్నమైపోతుంది. ఏరిన పెద్ద రాళ్ళను వాలుకు అడ్డంగా వరసల్లో పేర్చితే అదే గట్టు. మన్ను ఆ వరస వెనక ఆగుతుంది. వాలుకు అడ్డంగా దున్నాలి, నిలువుగా దున్నితే ప్రతి చాలూ కాలువే. మరీ నిట్రంగా ఉన్నచోట నాగలి పెట్టకుండా జీడి, మామిడి వంటి చెట్లకు వదలడమే మేలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ ప్రాంతపు తోటల్ని కూల్చేసినప్పుడు పోయింది ఫలసాయం ఒక్కటే కాదు, వాలును పట్టి ఉంచిన వేళ్ళు కూడా పోయాయి.

ఇప్పుడు ప్రభుత్వ లెక్క చూడండి. 2015లో భూసార పరీక్ష కార్డుల పథకం మొదలైంది. మంచి పనే. నీటి వసతి ఉన్నచోట రెండున్నర హెక్టార్లకు ఒక నమూనా, వర్షాధార ప్రాంతంలో 10 హెక్టార్లకు ఒక నమూనా అని నిబంధన పెట్టారు. పది హెక్టార్లంటే దాదాపు 25 ఎకరాలు. పైన రాయి, నడుమ గులక, దిగువన బంక ఉన్న కొండవాలుకు ఒక్క నమూనాయా? అంతటితో అయిపోలేదు. పరీక్షశాలలో ఆ మట్టిని రెండు మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, పైన మిగిలిన గులకను పారేస్తారు. కిందకు దిగిన మెత్తటి మన్నులో పోషకాలు తూచి, పొలమంతా అలాంటి మన్నే అన్నట్టు లెక్క కడతారు. బరువులో సగం రాళ్ళున్న చేనుకు కార్డులో 100 కిలోలని రాస్తే, నిజంగా ఉన్నది 50. నీరు పట్టే శక్తీ ఇంచుమించు అంతే తగ్గుతుంది. కార్డులో 12 అంశాలు ఉన్నాయి. గులక ఎంత, మన్ను లోతెంత, వాలు ఎంత అనేవి ఆ పన్నెండులో లేవు. ఎర్రమన్ను భాస్వరాన్ని పట్టేసుకుని మొక్కకు అందనివ్వదు. పశువుల ఎరువుతో కలిపి మొదట్లో వేస్తే కాస్త నయం. ఇది చెప్పే దిక్కు లేక, అప్పు చేసి ఎరువు వేసిన రైతు, పంట పండకపోతే తన తలరాత అనుకుంటున్నాడు. అది తలరాత కాదు, జల్లెడ!

తప్పు లెక్క నుంచే "పనికిరాని భూమి" అనే మాట పుడుతుంది. ఆ మాట వెనకే సేకరణ నోటీసు వస్తుంది. 2020లో విశాఖ చుట్టూ పది మండలాల్లో 6 వేల ఎకరాలకు పైగా సమీకరించాలని ప్రభుత్వం తలపెట్టినప్పుడు చూపు పడింది ఎక్కువగా ఇలాంటి అసైన్డు భూముల మీదే. అసైన్డు భూమి పేదల చేయి దాటకూడదని 1977లో చట్టం చేసింది కూడా ప్రభుత్వాలే. ఇళ్ళస్థలాలు పేదలకు కావాలి, కాదనం. కానీ ఒక పేదవాడి చేను తీసి ఇంకో పేదవాడికి గూడు ఇవ్వడం న్యాయమా?

కెన్యాలో మచాకోస్ అనే కొండ జిల్లా ఉంది. వాన తక్కువ, వాలు ఎక్కువ. 1930ల్లో వలస పాలకులు ఆ నేల పని అయిపోయిందన్నారు, నిర్బంధంగా గట్లు వేయించారు, జనం అసహ్యించుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక, భూమి తమదనే భరోసా, పంటకు మార్కెట్టు దొరికాక, అదే రైతులు తమ చేతులతో వాలంతా మెట్లు కట్టారు. 1990 నాటికి జనాభా అయిదు రెట్లకు పైగా పెరిగినా నేల కోత తగ్గింది, దిగుబడి పెరిగింది. మారింది హక్కు, గిట్టుబాటు. నేల పుట్టుక అదే.

కాబట్టి మేము కోరేది ఇది. కొండవాలు చేలకు ఎగువ, నడుమ, దిగువ వేర్వేరు నమూనాలు తీయాలి. కార్డులో గులక పాలు, మన్ను లోతు, వాలు రాయాలి. 1913 నుంచీ ఉన్న అనకాపల్లి వ్యవసాయ పరిశోధన కేంద్రం ఈ మెట్టచేల బాధ్యత కూడా తీసుకోవాలి. రాతిగట్లు, కందకాల పనిని ఉపాధి పనుల్లో ముందు వరసలో పెట్టి, కూలీలకు వేతనం సకాలంలో చెల్లించాలి. కొండ అడుగున గ్రావెల్ తవ్వకం ఆపాలి. అడుగు కోసిన గులక బంకవాలు వానకు నానితే ఇళ్ళ మీదికే జారుతుంది. సాగులో ఉన్న భూమిని గ్రామసభలో విచారించకుండా బంజరని రాయకూడదు.

రైతు సోదరులు కూడా కార్డు అందుకున్నప్పుడు ఊరుకోవద్దు. నమూనా ఎవరి చేనులో, వాలులో ఏ భాగాన తీశారో అడగండి. నలుగురూ కలిసి అడగండి. ఒక్కడు అడిగితే కసురుకునే ఆఫీసు, ఊరంతా అడిగితే లెక్క తిరిగి వేయక తప్పదు.