ఎవరి థియేటర్? ఎవరి జ్ఞాపకం?

ఈ మధ్య సింగిల్ స్క్రీన్ థియేటర్ల మీద సంతాప వ్యాసాలు తెగ వస్తున్నాయి. నేల టిక్కెట్టు, ఈలలు, తెర ముందు ఎగిరిన కాగితం ముక్కలు, ఇంటర్వెల్లో గోళీసోడా, ఇంట్లో తెలియకుండా గోడ దూకి చూసిన సెకండ్ షో. చదవడానికి ముచ్చటగానే ఉంటాయి. కానీ నేను చదివినవి దాదాపు అన్నీ మగవాళ్ళు రాసినవే. ఈల వేసిందీ, గోడ దూకిందీ వాళ్ళే. దాన్ని "మనందరి జ్ఞాపకం" అనే ముందు మనల్ని ఒక్క మాట అడగొద్దా?

అమీర్‌పేట సత్యం థియేటర్ సంగతే చూద్దాం. దాన్ని పడగొట్టిన స్థలంలో 2023 జూన్‌లో ఏఏఏ సినిమాస్ మల్టీప్లెక్స్ తెరిచారు. కొత్త మాల్ కూడా సత్యం పేరునే పెట్టుకుంది. యూనివర్సిటీలో చేరకముందు ఏడాదిపాటు నేను ఆ దగ్గర్లో హాస్టల్లో ఉన్నాను. రాత్రి ఎనిమిదికి గేటు మూసేసేవారు. అంటే సెకండ్ షో సరే, ఫస్ట్ షో కూడా మాది కాదు. మాకు మిగిలింది మ్యాట్నీ. ఊళ్ళనుంచి కంప్యూటర్ కోర్సులకి వచ్చిన నా రూమ్మేట్లతో కలిసి మెస్‌లో తినేసి సత్యానికి నడిచి వెళ్ళేదాన్ని. నడిచి వెళ్ళగల దూరం, ఎవర్నీ అడగకుండా పెట్టగల డబ్బు, ఇంటివాళ్ళూ వార్డెనూ లేని మూడు గంటల చీకటి. నాకు తెలిసిన థియేటర్ అందం ఇదే. స్త్రీకి తనదైన గది కావాలని సెమినార్లలో తెగ మాట్లాడుకుంటాం. మాకు ఆ గది గంటల లెక్కన అద్దెకి దొరికింది అక్కడే.

అలాగని ఆ చీకటిని పూజించలేను. ఆ రోజుల్లోనే నగరంలో మరోచోట, ఒక హాల్లో, వెనక సీట్లోంచి వచ్చిన చేతిని నా స్నేహితురాలు పిన్నీసుతో పొడిచింది. బయటికొచ్చి ఫిర్యాదు చేస్తే గేటు దగ్గర మనిషి "ఒంటరిగా ఎందుకొచ్చారమ్మా?" అన్నాడు. మేం నలుగురం ఉన్నాం. మగతోడు లేకపోతే నలుగురైనా ఒంటరే!

సినిమా వ్యాపారం భాష కూడా ఇదే చెబుతుంది. మగవాళ్ళు "మాస్", "యూత్", "ఫ్యాన్స్". మనం "ఫ్యామిలీ ఆడియన్స్". ఆడది ఒక్కతే ప్రేక్షకురాలు కాలేదు, కుటుంబంతో పాటే లెక్కకొస్తుంది. లేడీస్ క్యూ మనకిచ్చిన గౌరవం అనుకుంటాం. అది పొట్టిగా ఉంటుంది కాబట్టి మనల్ని అందులో నిలబెట్టి టిక్కెట్లు తెప్పించుకున్న అన్నలెందరు! "అక్కా, మాకూ రెండు తీసివ్వక్కా" అని బతిమాలిన కుర్రాళ్ళెందరు! టిక్కెట్టు తెచ్చే చెయ్యి ఆడది, సినిమా ఎంచే నోరు మగవాడిది.

2024 డిసెంబర్ 4 రాత్రి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సంధ్య థియేటర్‌లో పుష్ప 2 ప్రీమియర్ తొక్కిసలాటలో ఒక స్త్రీ చనిపోయింది. ఆమె కొడుకు కొన ప్రాణంతో ఆసుపత్రి పాలయ్యాడు. ఆ తర్వాత నేను విన్న ప్రశ్న ఏమిటో తెలుసా? "పిల్లల్నేసుకుని అంత రాత్రి ఆవిడ ఎందుకెళ్ళినట్టు?" ఆమె భర్తతోనే వెళ్ళింది. కుటుంబంతో వెళ్ళినా తప్పు ఆమెదే! మనం కోల్పోయామని ఏడుస్తున్న ఆ "మాస్ సంబరం"లో స్త్రీకి దక్కిన చోటు ఇది.

మరి మల్టీప్లెక్స్ మనల్ని విముక్తం చేసిందా? శుభ్రమైన బాత్రూమ్, నంబరున్న సీటు, వెలుగున్న మెట్లు. ఇవి చిన్న లాభాలు కావు, వెక్కిరించను. కానీ 2021 డిసెంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం నిర్ణయించిన గరిష్ఠ ధర ఏసీ సింగిల్ స్క్రీన్‌లో 150 రూపాయలు, మల్టీప్లెక్స్‌లో మామూలు సీటుకే 250. పన్ను అదనం. పెద్ద హీరో సినిమాలకి ఆ పైన ప్రత్యేక అనుమతులు. పంజగుట్ట షోరూముల్లో పొద్దంతా నిలబడి చీరలు మడతపెట్టే అమ్మాయి, అమీర్‌పేట హాస్టల్లో రొట్టెలు చేసే ఆవిడ ఆ మెట్లెక్కగలరా? ఎక్కితే చీపురుతోనే ఎక్కాలి. ఒకప్పుడు భయపెట్టి గేటు బయట ఉంచారు, ఇప్పుడు ధర పెట్టి ఉంచుతున్నారు.

అభిమాన సంఘాల మీద ఎస్.వి. శ్రీనివాస్ పరిశోధన ఉంది. ఆయన "మెగాస్టార్" 2009లో వచ్చింది. తెరముందు కూర్చున్నవాళ్ళూ చరిత్రే అని అది నేర్పింది. ఆ సంఘాలు మగవాళ్ళవి. మ్యాట్నీ ఆడవాళ్ళ చరిత్ర రాయాల్సింది మనమే. మన అమ్మల్నీ పిన్నుల్నీ, హాలు ఊడ్చినవాళ్ళనీ అడుగుదాం. ఏ ఆటకి వెళ్ళారు, ఎవరికి చెప్పి వెళ్ళారు, డబ్బెక్కడిది, భయం ఎక్కడ మొదలైంది?

థియేటర్ భవనాల్ని కాపాడమనేవాళ్ళతో నాకు పేచీ లేదు. నేనడిగేది ఇంకా తక్కువే. నడిచి వెళ్ళగల దూరంలో ఒక తెర, కూలి డబ్బుతో కొనగల ఒక టిక్కెట్టు, మగతోడు లేకుండా వచ్చినా ఎందుకొచ్చావని అడగని ఒక గేటు. ఇవి లేని పాత థియేటర్ కోసమూ, ఇవి ఇవ్వని కొత్త థియేటర్ కోసమూ మనం కన్నీళ్ళూ చప్పట్లూ వృథా చేసుకోనక్కర్లేదు.