లెక్కకు రాని ప్రాణాలు

1908 సెప్టెంబరు 28న మూసీనది హైదరాబాదు నగరాన్ని ముంచెత్తింది. ఆ వరదలో సుమారు 15 వేలమంది మరణించారని చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. ‘సుమారు’ అనే ఆ చిన్నమాట నన్ను చాలాకాలంగా కలవరపెడుతున్నది. ప్రసిద్ధ ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆనాడు తల్లిని, భార్యను, కుమార్తెను కోల్పోయారు. ఆయన కవి గనుక ఆ దుఃఖం మనదాకా వచ్చింది. నదీతీరపు మొహల్లాలలో ఇంటిల్లిపాదీ కొట్టుకొనిపోయిన నిరుపేదల పేర్లు నేడెవరు చెప్పగలరు?

తరువాతి జనాభా లెక్కలను పరిశీలించండి. 1911లో నగర జనాభా సుమారు 5 లక్షలు. 1921లో సుమారు 4 లక్షల 4 వేలు. పదేళ్లలో దాదాపు లక్షమంది తగ్గారు. ఆ దశాబ్దంలోనే నగరంలో ప్లేగు ప్రబలింది. 1918లో ఇన్‌ఫ్లుయెంజా దేశమంతటా విజృంభించింది. అయితే ఆ లక్షలో మరణించినవారెందరు? ప్రాణభయంతో ఊరు విడిచినవారెందరు? పదేళ్లకొకసారి తలలు లెక్కించే జనగణన ఈ ప్రశ్నకు సమాధానం చెప్పజాలదు. ఏ రోజు కా రోజు, వాడవాడలా వ్రాసిన జనన మరణ పట్టికయే చెప్పగలదు.

పట్టిక ఉన్నంతమాత్రాన చాలదు. ఒక మొహల్లాలో మరణాలు తక్కువగా నమోదైతే, ఆ వాడ ఆరోగ్యంగా ఉన్నదనైనా అనుకోవచ్చు, అక్కడ ఎవరూ వ్రాయించలేదనైనా అనుకోవచ్చు. శిశుమరణాల విషయం మరీ దయనీయం. ఏడాది నిండకుండా పోయిన పసికందుల సంఖ్యను వేయి జననాలకింతని లెక్కగట్టాలంటే ముందు జననాలు తెలియాలి. ఇంటిలో మంత్రసాని చేతిలో పుట్టి, వారం తిరగకుండా మట్టిలో కలిసిన బిడ్డ ఏ లెక్కలోకీ రాకపోతే, ఆ తల్లి కడుపుకోత ప్రభుత్వానికెలా తెలుస్తుంది?

చావుపుట్టుకలు దైవాధీనాలు, వాటికి కాగితమెందుకని కొందరు పెద్దలంటారు. ఆయుర్దాయం దైవాధీనమే, కాదనను. కాని వీధిలోని మురుగు, బావిలోని కలుషిత జలం మానవాధీనాలు. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ ఇరుకువాడలను తొలగించి, వెడల్పైన బాటలు వేసింది. ముందు ఏ వాడను బాగుచేయాలనే ప్రశ్నకు మరణాల పట్టికను మించిన సాక్షి ఏది?

నేడు చట్టానికి కొదవలేదు. 1969 నాటి చట్టం ప్రకారం జనన మరణాలను 21 రోజులలోగా తెలియజేయాలి. 2023లో దానికి చేసిన సవరణ వలన, ఆ యేడు అక్టోబరు 1 నాటినుండి పుట్టినవారికి బడిలో ప్రవేశం మొదలు అనేక విషయాలలో జనన ధ్రువపత్రమే ఆధారం. అయినా మన ఇండ్లలో అశ్రద్ధ తొలగలేదు. ఉర్దూలో ఒక పేరు, తెలుగులో మరొకటి, ఆంగ్లంలో ఇంకొకటి! పుట్టిన తేదీ తెలియక బడిపంతులు వేసిన తేదీతోనే జీవితం గడిపిన తల్లిదండ్రులు మనలో ఎందరికో ఉన్నారు.

విద్యార్థి మిత్రులారా! ఈ సెలవులలో మీ అవ్వాతాతల దగ్గర కూర్చుని, మీ కుటుంబంలో పుట్టినవారి, గతించినవారి పేర్లు, తేదీలు వ్రాయండి. చిన్నతనాన పోయిన బిడ్డలను మరువకండి. కళాశాల పాలకవర్గానికి నా విన్నపమొకటి. ప్రతి సంవత్సరం ప్రవేశాల సమయంలో ధ్రువపత్రాలలోని తప్పులను సరిచేయించుకొనుటకు సహాయపడే ఒక చిన్న సంఘాన్ని ఏర్పాటు చేయండి. దానిలో పనిచేయడానికి నేను సిద్ధంగా ఉన్నాను.