యు-180 కథలో చెప్పని సగం

ఢిల్లీలో ఇండియా గేట్ దగ్గర 2022 సెప్టెంబర్‌లో ఆవిష్కరించిన నేతాజీ సుభాష్ చంద్ర బోస్ విగ్రహం ఎత్తు 28 అడుగులు. దాన్ని చెక్కిన 280 టన్నుల గ్రానైట్ శిల ఖమ్మం నుంచి 140 చక్రాల ట్రక్కు మీద 1,665 కిలోమీటర్లు ప్రయాణించింది. ఆ ప్రయాణం గురించి పత్రికలు వివరంగానే రాశాయి. అంతకన్నా ప్రమాదకరమైన ప్రయాణం బోస్ స్వయంగా చేశారు. దాని గురించి మాత్రం చాలామందికి తెలిసింది సగమే.

1943 ఫిబ్రవరి 9న జర్మనీలోని కీల్ రేవు నుంచి యు-180 జలాంతర్గామి బయల్దేరింది. కెప్టెన్ వెర్నర్ ముసెన్‌బర్గ్. లోపల బోస్‌తో పాటు ఉన్న ఏకైక భారతీయుడు హైదరాబాద్‌కు చెందిన ఆబిద్ హసన్. ఇంజనీరింగ్ చదవడానికి జర్మనీ వెళ్లి, బోస్‌కు కార్యదర్శి అయిన యువకుడు. 'జైహింద్' నినాదం ఆయన ఆలోచనేనంటారు. డీజిల్ వాసన నిండిన ఆ ఇరుకులో ఇద్దరూ రెండున్నర నెలలు గడిపారు.

ఏప్రిల్ 18న దక్షిణాఫ్రికా సమీపంలో యు-180 బ్రిటిష్ చమురు నౌక కార్బిస్‌ను టోర్పెడోలతో ముంచేసింది. నౌక సిబ్బందిలో అత్యధికులు చనిపోయారు. ఆ సమయంలో బోస్, హసన్ జలాంతర్గామిలోనే ఉన్నారు. నెలాఖరున మడగాస్కర్ దగ్గరి సముద్రంలో, ఎగసిపడే అలల మధ్య, రబ్బరు పడవలో జపాన్ జలాంతర్గామి ఐ-29లోకి మారారు. అటునుంచి ఇద్దరు జపాన్ నౌకాదళ అధికారులు, రెండు టన్నుల బంగారం యు-180కి చేరాయి.

మనం చెప్పుకునే కథ సాధారణంగా ఇక్కడే ఆగుతుంది. యు-180 జూలైలో ఫ్రాన్స్‌లోని బోర్డో చేరింది. పొగ కక్కుతూ సతాయించిన ఇంజన్లను తీసేసి, దాన్ని సరుకు రవాణా నౌకగా మార్చారు. 1944 ఆగస్టు 20న అది మళ్లీ జపాన్‌కు బయల్దేరింది. మూడు రోజులకే బిస్కే అఖాతంలో గల్లంతైంది. మైన్ తగిలి ఉంటుందన్నది ఎక్కువమంది అభిప్రాయం. 56 మందిలో ఒక్కరూ మిగల్లేదు. ఐ-29ను అంతకు ముందు నెలలోనే అమెరికా జలాంతర్గామి ముంచేసింది.

నాజీలు బోస్‌ను పంపింది భారత్ మీద ప్రేమతో కాదు. 1942 మేలో ఆయన్ను కలిసిన హిట్లర్, భారత స్వాతంత్ర్యాన్ని సమర్థిస్తూ ప్రకటన చేయడానికి ఒప్పుకోలేదు. శత్రువుకు శత్రువైనవాడి పడవ ఎక్కడమంటే వాడి యుద్ధంలోనూ ప్రయాణించడమే.

హసన్ స్వతంత్ర భారత్‌లో దౌత్యవేత్తగా పనిచేసి, 1984లో మరణించారు. ఆ సాహసాన్ని తలచుకునేటప్పుడు ఆయన్నీ, కార్బిస్ నావికులనూ తలచుకుంటే నేతాజీ ఎత్తు తగ్గదు. ఆయన తీసుకున్న నిర్ణయం ఎంత కఠినమైందో మాత్రం తెలుస్తుంది.