అరుగుదలట!

మొన్న మా బాబాయి పెద్దకర్మ భోజనాల్లో నా పక్కన కూర్చున్నాయన అరిటాకు మీద నీళ్ళు చల్లుకుంటూ తీర్పు చెప్పేశాడు. "76 ఏళ్ళు కదండీ, గుండెలో వాల్వు అరిగిపోయిందట. వయసు, ఏం చేస్తాం?" చుట్టూ నలుగురూ తలలూపారు. నాకు ముద్ద దిగలేదు.

అరగడమేమిటండీ? మా బాబాయి వాల్వు దళసరెక్కింది. గుండెలోంచి ఒంటికంతటికీ రక్తం వెళ్ళే గుమ్మం అది, అయోర్టిక్ వాల్వు. దాని రెక్కల్లో కొవ్వు చేరుతుంది, వాపు పుడుతుంది, చివరికి అక్కడి కణాలే ఎముక కట్టే కణాల్లా మారి కాల్షియం పేరుస్తాయి. బోరునీళ్ళ కుళాయిలా రెక్కలు బిగుసుకుపోతాయి. 3, 4 చదరపు సెంటీమీటర్లుండాల్సిన దారి ఒకటికి లోపు పడితే తీవ్రం. సగటున ఏడాదికి తగ్గేది 0.1. అంటే ఏళ్ళ తరబడి గడువిచ్చే జబ్బు!

అంతా వయసే అయితే, పుట్టుకతో మూడు రెక్కలకు రెండే ఉన్నవాళ్ళకి యాభై, అరవైల్లోనే ఎందుకు ముదురుతోంది? అలాంటివాళ్ళు నూటికి ఒకరిద్దరుంటారు. చిన్నప్పటి గొంతునొప్పి రుమాటిక్ జ్వరంగా మారి, వాల్వు రెక్కలు అతుక్కుపోయినవాళ్ళదీ వయసేనా?

బాబాయి రెండేళ్ళుగా మేడ మెట్లెక్కుతూ ఐదో మెట్టు మీద ఆగి కండువా సర్దుకునేవాడు. కండువా జారిందెప్పుడు? ఆయాసాన్ని దాచుకుంటున్నాడు. తర్వాత గుడికెళ్ళడం మానేశాడు. "ఓపిక లేదురా" అన్నాడు. మేమూ వయసే అనుకున్నాం. ఇరుకు దారిలోంచి రక్తాన్ని నెట్టీ నెట్టీ ఎడమ జఠరిక గోడలు మందమెక్కుతున్నాయని ఎవరం అనుకోలేదు. ఆపరేషన్ లేకపోతే, ఛాతీనొప్పి మొదలయ్యాక సుమారు ఐదేళ్ళు, కళ్ళు తిరిగి పడిపోవడం మొదలైతే మూడు, గుండె చతికిలబడితే రెండు అని రాస్, బ్రౌన్‌వాల్డ్ 1968లోనే లెక్కగట్టారు.

పరీక్షలు చేయించలేదా అంటారా? చేయించాం. ఓ ఆసుపత్రిలో 'ఫుల్ బాడీ' ప్యాకేజీ. పరగడుపున రక్తం లాగారు, ఉప్మా పెట్టారు, రంగురంగుల ఫైలు చేతికిచ్చారు. ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు! మెడదాకా వినిపించే గరగర అది. వినడానికి చెవి చాలు, ప్యాకేజీ అక్కర్లేదు.

ఇక వాట్సాప్ కషాయాల సంగతి. కొలెస్ట్రాల్ మాత్రలే ఈ ఇరుకును ఆపలేవని 2008లో సీస్ పరిశోధన తేల్చింది. వెల్లుల్లి రసం ఆపుతుందా?

దారి ఒకటే, వాల్వు మార్చడం. ఛాతీ కోయకుండా మార్చవచ్చని ఫ్రాన్స్‌లో అలెన్ క్రిబియే 2002లోనే చేసి చూపించాడు. ఖర్చంటారా, దాని మీద ఇంకోసారి పోట్లాడుకుందాం.

ముందు మీ ఇంట్లో పెద్దాయన మెట్ల మధ్యలో ఆగి కండువా సర్దుకుంటున్నాడేమో చూడండి. స్టెతస్కోపు పెట్టించండి, చప్పుడుంటే ఎకో తీయించండి. వయసు మాట తర్వాత.