బొమ్మల పుస్తకము ఎవరిది?

మన యిండ్లలో పుస్తకములకు సైతము వయస్సు కట్టుట కలదు. అక్షరములు నేర్చుకొను పసివానికి బొమ్మల పుస్తకము, బడికి పోవు బాలునకు పాఠ్యపుస్తకము, ఉద్యోగికి వార్తాపత్రిక, వృద్ధునకు పురాణము అని ఎవరో ఎన్నడో పంచిపెట్టిరి. ఎనిమిదవ తరగతి విద్యార్థి చేతిలో బొమ్మల పుస్తకము కనబడినచో, "ఇంకను పసిపిల్లవాడవా?" అని తోటివారు నవ్వుదురు. ఆ నవ్వునకు జడిసి అతడు దానిని తమ్మునకో చెల్లెలికో ఇచ్చివేయును. ఈ పంపకము న్యాయమైనది కాదని నా అభిప్రాయము. మంచి బొమ్మల పుస్తకము ఏ ఒక్క వయస్సువారి సొత్తును కాదు. అది పసివానికి ఒక పాఠమును, వాని అన్నకు మరియొక పాఠమును, వారిద్దరికిని చదివి వినిపించు తల్లికి వేరొక పాఠమును చెప్పగలదు.

మొదట బొమ్మల పుస్తకమనగా నేమో తెలిసికొందము. కథ నడుమ అందమునకై అక్కడక్కడ చిత్రములు చేర్చిన పుస్తకము వేరు; బొమ్మల పుస్తకము వేరు. మొదటిదానిలో బొమ్మలు తీసివేసినను కథ నిలుచును. రెండవదానిలో కథ సగము మాటలలోను, సగము బొమ్మలలోను ఉండును. మాట చెప్పనిదానిని బొమ్మ చెప్పును. చదువునకు బొమ్మను తోడుచేసిన వారిలో కొమీనియస్ అను చెక్ విద్యావేత్త ముఖ్యుడు. 1658లో నూరెంబర్గు నగరమున వెలువడిన ఆయన సచిత్ర గ్రంథమున లోకములోని వస్తువుల బొమ్మలును, లాటిన్, జర్మన్ భాషలలో వాని వివరములును ఉండెను. నాడు వస్తువును చూపిన బొమ్మ క్రమముగా కథ చెప్పుటయు నేర్చినది.

అట్టి కథలలో 'ఫెర్డినాండ్' కథ ఒకటి. దానిని అమెరికా దేశస్థుడు మన్రో లీఫ్ వ్రాయగా, రాబర్ట్ లాసన్ బొమ్మలు వేసెను. అది 1936లో వెలువడెను. స్పెయిన్ దేశమున ఫెర్డినాండ్ అను కోడెదూడ యుండెను. తోటి దూడలు ఎగిరి, దూకి, కుమ్ముకొనుచుండగా అది కార్కుచెట్టు నీడను కూర్చుండి పూలవాసన చూచుచుండెడిది. బిడ్డ ఒంటరిదగునేమో యని తల్లి బెంగపడెను; కాని అడిగి, దాని మనస్సు తెలిసికొని, దాని ఇష్టమునకు విడిచెను. ఒకనాడు మాడ్రిడ్ నగరమున జరుగు ఎద్దులపోరునకు కోడెను ఎన్నుకొనుటకు ఐదుగురు వచ్చిరి. ఆ సమయముననే తుమ్మెద కుట్టుటచే ఫెర్డినాండ్ రంకెలు వేయుచు గంతులిడెను. ఇంతటి భయంకరమైన కోడె వేరొకటి లేదని మురిసి వారు దానిని బండిపై కొనిపోయిరి. పోరు జరుగు బరిలో అడుగిడిన ఫెర్డినాండ్, చూడవచ్చిన స్త్రీల సిగలలోని పూలను చూచి, నట్టనడుమ చతికిలబడి వాసన చూచుచు కూర్చుండెను. ఎవరెంత రెచ్చగొట్టినను కదలలేదు. తుదకు దానిని ఇంటికే పంపివేసిరి.

ఈ చిన్న కథలో ఎవరికి ఏ పాఠము కలదో చూడుడు. తక్కినవారందరు కొట్లాడుచున్నను తాను కొట్లాడనక్కరలేదని పసివాడు గ్రహించును. మీ వయస్సువారు వేరొకటి గమనింపవలెను. ఐదుగురు పెద్దమనుష్యులు ఒక ప్రాణి స్వభావమును ఒక్క నిమిషపు ప్రవర్తనను బట్టి నిర్ణయించిరి. తరగతిలో ఒకనాడు కసిరినవానిని కోపిష్ఠియనియు, ఒక పరీక్షలో తప్పినవానిని మందమతియనియు మనము పేరుపెట్టుట అట్టిదే కాదా? ఇక తల్లిదండ్రులకు ఆ ఆవు చెప్పు పాఠము అన్నిటికంటె కష్టమైనది. బిడ్డ నడతను దిద్దబోవుటకు ముందు వాని మనస్సులో నేమున్నదో అడిగి తెలిసికొనవలెను.

ఆ పుస్తకములోని బొమ్మలు నలుపు తెలుపులలో గీచినవి. వానిలో ఒక చమత్కారము కలదు. సీసాలకు పెట్టు బిరడాలు కార్కుచెట్టు బెరడుతో చేయబడును. లాసన్ మాత్రము ఆ చెట్టుకొమ్మలకు బిరడాలే పండ్లగుత్తులవలె వ్రేలాడుచున్నట్లు చిత్రించెను. మాటలలో ఈ సంగతి లేదు. పసివాడు దానిని నిజమని నమ్మును; పెద్దవాడు చూచి నవ్వును. కొన్నియేండ్ల పిమ్మట ఆ పసివాడే మరల ఆ పుట తెరచి తానును నవ్వును. తాను ఎంత ఎదిగెనో ఆ బొమ్మయే వానికి తెలుపును.

ఈ పుస్తకము వెలువడిన యేటనే స్పెయిన్‌లో అంతర్యుద్ధము చెలరేగెను. పోరాడనొల్లని కోడె కథలో ఏదో రాజకీయము దాగియున్నదని కొందరు శంకించిరి. ఫ్రాంకో పాలించిన స్పెయిన్‌లో అది నిషేధింపబడినది. హిట్లరు ఏలిన జర్మనీలోను దానికి చోటు లేకపోయెను. ఫిరంగులు గలవారు పూలవాసన చూచు దూడకు జడిసిరన్నచో, అది పసిపిల్లల కాలక్షేపము మాత్రమే అని ఎట్లనగలము? పిట్ట కొంచెము, కూత ఘనము అను సామెత ఇట్టి పుస్తకములకు చక్కగా తగును.

యుద్ధము ముగిసిన పిదప జరిగిన సంగతి మరింత తెలిసికొనదగినది. జెల్లా లెప్‌మన్ అను యూదు పత్రికారచయిత్రి హిట్లరు కాలమున జర్మనీ విడిచి ఇంగ్లండునకు పోయి, 1945లో తిరిగి వచ్చెను. నగరములు శిథిలములై, పిల్లలు ఆకలితో నుండిరి. వారికి రొట్టెతోపాటు పుస్తకములును కావలెనని ఆమె తలచెను. అనేక దేశములకు లేఖలు వ్రాసి, మీ పిల్లల పుస్తకములను పంపుడని వేడెను. నిన్నటి శత్రుదేశపు పిల్లలకు పుస్తకములు పంపుమనుట సామాన్యమైన కోరిక కాదు. అయినను పుస్తకములు వచ్చినవి. 1946లో మ్యూనిక్ నగరమున వాని ప్రదర్శనము జరిగెను. పరభాష రానివారికిని బొమ్మ అర్థమగును గదా! ఆ యేటి క్రిస్మసునకు ఆమె ఫెర్డినాండ్ కథను జర్మన్ భాషలోనికి మార్చి, వార్తాపత్రికల కాగితముపై 30,000 ప్రతులు అచ్చువేయించి, బెర్లిన్ పిల్లలకు పంచిపెట్టించెను. హిట్లరు కాలమున చోటు లేని పుస్తకమే ఆ దేశపు పిల్లలకు పండుగ కానుక అయ్యెను. ఆమె కృషివలననే 1949లో మ్యూనిక్‌లో అంతర్జాతీయ బాలల గ్రంథాలయము నెలకొనెను.

గొప్ప పాఠమునకు గొప్ప సంఘటనయే కావలెనని తలపరాదు. 1962లో ఎజ్రా జాక్ కీట్స్ అను అమెరికా చిత్రకారుడు మంచు కురిసిన దినమును గూర్చి ఒక పుస్తకము రచించెను. పీటర్ అను బాలుడు ఎర్రని దుస్తులు ధరించి మంచులో ఆడుకొని, రేపటికి ఉండునని ఒక మంచుముద్దను జేబులో దాచుకొని ఇంటికి వచ్చును. రాత్రి చూడగా జేబులో అది లేదు. మన పిల్లలకు మంచు తెలియకపోవచ్చును గాని, వడగండ్లు ఏరి పిడికిట దాచుకొని కరగిపోగా దిగులుపడుట తెలియును. పసివానికి అది ఒక మంచుముద్ద కథ. ప్రియమైన వస్తువులను, మనుష్యులను పోగొట్టుకొన్న పెద్దలకు ఆ ఖాళీ జేబు మరియొక అర్థము నిచ్చును.

పీటర్ నల్లజాతి బాలుడు. ఈ విషయము మాటలలో ఎచ్చటను లేదు, బొమ్మలలోనే యున్నది. ఆ కాలమున అమెరికాలో అచ్చైన పిల్లల పుస్తకములలో నల్లజాతి పిల్లలు కథానాయకులగుట మిక్కిలి అరుదు. మనుష్యులందరు సమానులని కీట్స్ ఉపన్యసింపలేదు. ఒక పిల్లవాడు సంతోషముగా ఆడుకొనుటను చూపెను, అంతియే. ఆ దేశమున ఉత్తమ బొమ్మల పుస్తకమునకు ఏటేట ఇచ్చు కాల్డెకాట్ పతకము 1963లో దానికి లభించెను. న్యూయార్క్ ప్రజాగ్రంథాలయము తన 125 ఏండ్ల చరిత్రలో పాఠకులు ఎక్కువమారులు ఇంటికి కొనిపోయిన పుస్తకములను 2020లో లెక్కించి ప్రకటింపగా, 4,85,583 మారులతో ఈ పుస్తకమే మొదటిదిగా నిలిచెను.

బొమ్మలు చూపినచో పిల్లల ఊహ కుంటుపడునని కొందరు పెద్దలు వాదింతురు. బొమ్మ మాటనే మరల చెప్పుచున్నచో వారి వాదము సత్యమే. కాని మంచి బొమ్మ ప్రశ్న వేయును. జవాబు చదువరియే వెదకుకొనవలెను. పుటకు రెండు వాక్యములున్న పుస్తకమునకు ఇంత వెలయా అని మరికొందరందురు. పుస్తకమును పుటల లెక్కన గాక, ఎన్నిమారులు, ఎందరు చదువుదురో ఆ లెక్కన తూచవలెను. ఇంకొకమాట. కథ చివర నీతిని విప్పి చెప్పనిదే పిల్లలకు తెలియదని భావించుట తగదు. చెప్పెడివానికి వినెడివాడు లోకువ యన్నట్లు సాగు బోధ చెవిలో దూరినను మనస్సులో నిలువదు. తాను చూచి, తాను కనుగొన్న నీతియే తనదగును.

మనకును ఇట్టి సంపద లేకపోలేదు. 1947లో ప్రారంభమైన 'చందమామ' వెలువడినంతకాలము పిల్లలకై ఇంటికి తెచ్చినదానిని పెద్దలును చదివిరి. ముళ్లపూడి వెంకటరమణగారు వ్రాసి, బాపుగారు బొమ్మలు వేసిన 'బుడుగు'లో పెద్దల పోకడలు పిల్లవాని కంటితో చూపబడినవి. 1957లో శంకర్ అను వ్యంగ్యచిత్రకారుడు ఢిల్లీలో చిల్డ్రన్స్ బుక్ ట్రస్టును స్థాపించెను. 2006లో చెన్నైలోని తారా బుక్స్ సంస్థ, మధ్యప్రదేశ్‌కు చెందిన గోండు చిత్రకారులు చెట్లను గూర్చి వేసిన బొమ్మలను నల్లని కాగితముపై ముద్రించి వెలువరించెను. మన ఆదిలాబాదు సీమలోను నివసించు గోండులు చెట్టును ఎంత ఆదరముతో చూతురో చెప్పుటకు ఆ పుస్తకమున పెక్కు మాటలు అక్కరలేకపోయెను.

కావున విద్యార్థులారా, మీ బడి గ్రంథాలయమున బొమ్మల పుస్తకము దొరకినచో సిగ్గుపడక తీసికొనుడు. మొదటిమారు మాటలు చదువుడు. రెండవమారు మాటలను చేతితో మూసి, బొమ్మలు మాత్రమే చూడుడు. మూడవమారు మీ తమ్మునో చెల్లెలినో ప్రక్కన కూర్చుండబెట్టుకొని చదివి వినిపింపుడు. అయితే పుట త్రిప్పుటకు తొందరపడకుడు. మీ కన్ను విడిచిన వస్తువును ఆ పసివాని వ్రేలు చూపును. వీలైనచో నాయనమ్మనో తాతనో పిలువుడు. వారు చూచునది మరియొకటి. ఒకే పుస్తకము ముందు మూడు తరములు కూర్చుండి, ఒకరికి కనబడినదానిని మరియొకరికి చెప్పుకొను ఇంట చదువు ఒక బరువుగా తోపదు.