వేలికి సూది అంటే ఎందుకింత భయం?

పత్తి ఏరే రోజులు వచ్చాయంటే మన కేసముద్రంలో చేతివేళ్లు చూపించుకునే అక్కలు ఎక్కువవుతారు. మార్కెట్ యార్డులో బస్తాలు మోసే అన్నలూ వస్తారు. పొద్దున లేచేసరికి ఉంగరపు వేలో, బొటనవేలో ముడుచుకుని ఉంటుంది. రెండో చేత్తో లాగితే టక్కుమని తెరుచుకుంటుంది. దీనినే ట్రిగ్గర్ ఫింగర్ అంటారు. వేలిని వంచేది తాడు వంటి టెండాన్. జనం నరమంటారు గాని నరం వేరు. అరచేతిలో అది దూరిపోయే చిన్న కట్టు మందమైతే తాడు అక్కడ పట్టుకుంటుంది.

డాక్టరుగారు స్టెరాయిడ్ సూది అనగానే కొందరు లేచిపోతారు. "వద్దు సిస్టరమ్మా, ఒళ్లు ఉబ్బుతదట, బొక్కలు గుల్లయితయట!" ఈ భయం ఊరికే రాలేదు. నడుము నొప్పికని పేరు చెప్పని సూదులు నెలల తరబడి వేయించుకుని, ముఖం ఉబ్బి, షుగర్ పెరిగి వచ్చినవారిని మేము వార్డులో చూశాం. విచిత్రమేమంటే, అక్కడ అడగకుండా చేయి చాపినవారే ఇక్కడ పేరు చెప్పి వేస్తామంటే జంకుతారు.

ఆ సూది వేరు, ఈ సూది వేరు అని మా అభిప్రాయం. ఇది కొద్దిపాటి మందు, వాచిన చోటే వేస్తారు. సగానికి పైగా మందికి కొన్ని వారాల్లో వేలు సాఫీగా ఆడుతుంది. ఒకటి రెండు రోజులు నొప్పి పెరగవచ్చు, సూది పడినచోట చర్మం తెల్లబడవచ్చు.

షుగర్ ఉన్నవారికి మాత్రం ఈ జబ్బు ఎక్కువ, సూది గుణం తక్కువ. పైగా వేసిన తర్వాత కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది. ఒక అమ్మ, చెబితే సూది వేయరేమోనని షుగర్ సంగతి దాచింది. మూడోనాడు దాహం, నీరసం అంటూ వచ్చింది. అడగకపోవడం మా తప్పు కూడా. అప్పటినుండి షుగర్ చూడనిదే మేము సూది ట్రే పెట్టడం లేదు.

అదే వేలికి రెండుసార్లు వేసినా మళ్లీ పట్టుకుంటే ఇంకో సూది కోసం పట్టుపట్టకండి. చేతికి మాత్రమే మత్తు ఇచ్చి ఆ కట్టును కోసి వదులు చేసే చిన్న ఆపరేషన్ ఉంది. సాధారణంగా అదేరోజు ఇంటికి పోవచ్చు. గాయం మానేదాకా చేనుకు పోవద్దంటే కూలి పోతుందని మాకూ తెలుసు. అందుకే ఏరుడు మొదలుకాక ముందే, వేలు టక్కుమన్న తొలి రోజుల్లోనే రండి. మొదట్లో అయితే వేలికి బద్ద కట్టి విశ్రాంతినిస్తేనే కొందరికి తగ్గిపోతుంది.

వచ్చేటప్పుడు వాడుతున్న మాత్రల చీటీ తెచ్చుకోండి.