వల వేసినవారు, వలలో పడినవారు



పొలము కుదువబెట్టి బిడ్డను అమెరికా చదువుకు పంపే ఇళ్లు నేడు మన పరిగి, హిందూపురం, పెనుకొండ వైపు గ్రామాలలోనూ ఉన్నాయి. అట్టి కుటుంబాలు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఈ నెల వ్రాస్తున్నాము.

మిచిగన్ రాష్ట్రంలో 'ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం' అని ఒకటి ఉండేది. దానికి వెబ్‌సైటు ఉంది, కార్యాలయం ఉంది, విదేశీ విద్యార్థులను చేర్చుకొనే సంస్థల ప్రభుత్వ జాబితాలో పేరూ ఉంది. లేనివల్లా ఉపాధ్యాయులు, తరగతులు. 2015 నుండి దానిని నడిపినది మారువేషములోని ప్రభుత్వ అధికారులే. సుమారు 600 మంది చేరారు. వారిలో తెలుగు పిల్లలే ఎక్కువ. 2019 జనవరిలో వల లాగారు. కమీషను తీసుకొని విద్యార్థులను చేర్పించిన 8 మంది నేరం ఒప్పుకొని జైలు పాలయ్యారు. సుమారు 250 మంది విద్యార్థులు వలస చట్టం క్రింద పట్టుబడ్డారు. అనేకులు అప్పులతో ఇంటికి తిరిగి వచ్చారు.

ప్రభుత్వమే ఇట్లు వల వేయవచ్చునా? నేరం చేయ నిశ్చయించుకొన్నవానికి వల వేయవచ్చును గాని, ఆ తలంపే లేనివానిని పురికొల్పి నేరస్థునిగా చేయరాదని అమెరికా సుప్రీంకోర్టు 1932లోనే చెప్పింది. నెబ్రాస్కా రాష్ట్రపు రైతు ఒకరికి అధికారులు లేని సంస్థల పేర్లతో 26 నెలలు ఉత్తరాలు వ్రాసి, నిషేధించిన అసభ్య పత్రికను తెప్పించుకొనేలా చేశారు. 1992లో అదే కోర్టు అతని శిక్షను కొట్టివేసింది. మన సుప్రీంకోర్టు కూడా 1956లో, ఓర్వలేనంత శోధనకు మనుష్యుని కావాలని గురిచేయరాదని పోలీసులను హెచ్చరించింది.

అయితే, "వల వేశారు" అన్నంత మాత్రాన ఎవరూ విడుదల కారు. ఆ కోరిక ముందే నీలో ఉన్నదా అని కోర్టు అడుగుతుంది. ఫార్మింగ్టన్ కేసులో 8 మందీ నేరం ఒప్పుకొన్నందున ఆ వాదనపై తీర్పు రాలేదు. కట్టిన ఫీజు కొరకు ఒక విద్యార్థి వేసిన దావాను మాత్రం, విచారించవలసినదేనని 2024 జూన్‌లో అప్పీలు కోర్టు తేల్చింది.

యాకోబు పత్రిక మొదటి అధ్యాయం తెరచి చూడండి. మనుష్యుని ఈడ్చుకొనిపోయేది అతని స్వంత కోరికేనని భక్తుడు చెప్పుచున్నాడు. మత్తయి 18వ అధ్యాయంలో ప్రభువు ఇతరులకు ఆటంకము కలుగజేయువానికి శ్రమ అన్నాడు. కాబట్టి పడినవాడును, పడద్రోసినవాడును ఇద్దరూ లెక్క అప్పగించవలసినవారే.

తలిదండ్రులారా, డబ్బు కట్టకముందు అక్కడ చదువుతున్న పిల్లలను నలుగురిని విచారించండి. పేరు జాబితాలో ఉన్నంత మాత్రాన నమ్మకండి. "తరగతులు అక్కరలేదు, మొదటి రోజు నుండే ఉద్యోగం చేసుకోవచ్చు" అని ఎవరైనా చెబితే, అది మేలు కాదు, ఎర. బిడ్డ పట్టుబడితే వకీలును అడుగకుండా ఏ కాగితంపైనా సంతకం చేయవద్దని ముందే చెప్పి పంపండి.

తిరిగి వచ్చిన పిల్లలను సంఘంలో వ్రేలు పెట్టి చూపకండి. తెలిసి వెళ్లినవారు కొందరు, ప్రభుత్వ జాబితాను నమ్మి వెళ్లినవారు కొందరు. ఎవరి హృదయమేదో ఎరిగినవాడు దేవుడొక్కడే. వారి అప్పు తీరే మార్గం కొరకు, వారి ముందటి జీవితం కొరకు మీ కుటుంబ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోమని మనవి చేస్తున్నాము.